ఉప్పుచేపకు పెద్దపీట!

నౌపడ ఉప్పు మళ్లలో నలభై ఏళ్లు గడిపిన పెద్దాయన జర్మనీ వెళ్లాడు. ఐదొందల ఏళ్ల కిందట నావికులు కట్టుకున్న భవనంలో భోజనానికి కూర్చున్నాడు. పళ్లెంలో ఏం వచ్చిందంటే...

'ఏటిరా ఇది, వండనేదేటి?'

పళ్లెం ముందుకు రాగానే మా చిన్నాన్న అడిగిన మొదటి ప్రశ్న అది. తెల్లటి పింగాణీ పళ్లెం. అందులో వెండిలా మెరిసే తోలుతో, లోపల లేత గులాబీ రంగులో రెండు చేప ముక్కలు. పక్కన ఉడకబెట్టిన బంగాళాదుంపలు. పైన మీగడలో కలిపిన ఉల్లిపాయ, ఆపిల్, దోసకాయ ఊరగాయ ముక్కలు. ఆవిరి లేదు, మసాలా వాసన లేదు. ఎర్రగా ఏదీ లేదు!

'వండరు నాన్నా. ఉప్పులో ఊరబెడతారంతే. ముందు తిని చూడు' అన్నాడు తమ్ముడు. చిన్నాన్న కొడుకు వాడు. హాంబర్గ్‌లో ఇంజినీరు.

ఆయన ఫోర్కు పక్కన పెట్టి, చుట్టూ ఓసారి చూసి, చేత్తోనే ఓ ముక్క తీసుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క. మూడో ముక్క దగ్గర ఆగి, తీర్పు చెప్పినట్టు చెప్పాడు...

'ఇది మన ఉప్పుచేపేరా. ఎండబెట్టడం మర్సిపోనారు, అంతే!'

మేమిద్దరం నవ్వాం. నవ్వామే కానీ, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆ ఊళ్లు తిరిగి, తెలిసినవాళ్లను అడిగి, పుస్తకాలు తిరగేశాక అర్థమైంది. జర్మనీ సముద్రతీరపు వంట గురించి అంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

ఓడ కింద భోజనం

మేం కూర్చున్న ఊరు లూబెక్. హాంబర్గ్ నుంచి రైల్లో ముప్పావు గంట. చుట్టూ నీళ్లు, మధ్యలో ఎర్ర ఇటుకల పాతపట్నం. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ ఊళ్లో పెద్ద వీధి చివర, చర్చికి ఎదురుగా, మెట్లు మెట్లుగా పైకి లేచిన ముఖభాగంతో ఓ భవనం ఉంటుంది. పేరు పలకడానికి నోరు తిరగదు... షిఫర్‌గెజెల్‌షాఫ్ట్! 'ఓడ సరంగుల సంఘం' అని అర్థం.

సంఘం పుట్టింది 1401లో. ఓడల మీద బతుకు వెళ్లదీసేవాళ్లకు, పోయినవాళ్లకూ ఉన్నవాళ్లకూ కూడా, ఆసరాగా నిలవాలన్నది అప్పటి ఉద్దేశం. 1535లో ఈ ఇల్లు కట్టుకున్నారు. 1868 నుంచి ఇక్కడ భోజనశాల నడుస్తోంది. అంటే మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు పోయి ఆరేళ్లయినప్పుడు కట్టిన గదిలో కూర్చుని చేపలు తింటున్నామన్నమాట!

లోపలికి అడుగుపెట్టగానే తల పైకెత్తాల్సిందే. నల్లబడిన దూలాల నుంచి తెరచాప ఓడల నమూనాలు వేలాడుతుంటాయి. కింద పొడవాటి చెక్క బల్లలు, వీపు ఆన్చే ఎత్తయిన చెక్క బెంచీలు. ఏ రేవుకు ఓడ నడిపేవాళ్లు ఆ బెంచీల మీద కలిసి కూర్చునేవారట. నార్వేలోని బెర్గెన్‌కు వెళ్లేవాళ్లది ఒక జట్టు, మరో రేవుకు వెళ్లేవాళ్లది మరో జట్టు. బెంచీల చివర చెక్కిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. మన ఊళ్లలో రచ్చబండ మీద ఎవరి చోటు వాళ్లకుంటుంది చూడండి, అలా.

చిన్నాన్న మాత్రం ఓడల్ని చూడలేదు. బల్ల మీద చెయ్యేసి రాస్తూ 'మంచి మాను' అన్నాడు. ఉప్పులో పనిచేసేవాళ్లకు చెక్క విలువ తెలుసు. ఇనుమును ఉప్పు తినేస్తుంది, చెక్కను తినదు. అందుకే నౌపడ మళ్లలో ఇప్పటికీ ఉప్పు లాగేది పొడవాటి కర్రకు బిగించిన చెక్కపలకతోనే.

పేదవాడి చేప

ఆ పళ్లెంలోది హెర్రింగ్ అనే చేప. మనకు దొరకదు కానీ, మన కవళ్లకూ నెత్తళ్లకూ చుట్టమే. ఇంకా చెప్పాలంటే, పుస్తెలమ్మి అయినా తినాలనే మన పులస కూడా ఆ బంధువర్గంలోదే! జానెడు పొడవు, ఒంటినిండా నూనె. ఆ నూనే దాని రుచి, ఆ నూనే దాని శాపం. పట్టిన రోజే ఏదో ఒకటి చేయకపోతే పాడైపోతుంది.

కవళ్లతోనూ ఇదే ఇబ్బంది. భావనపాడు తీరంలో కవళ్ల వల పడ్డ రోజు చూడండి, గంపలకొద్దీ చేపని ఏం చేసుకోవాలో తెలీదు. అమ్ముడైనంత అమ్మి, మిగిలింది ఉప్పేసి ఇసుకలోనో పాత వలల మీదో ఆరబోస్తారు. రెండు మూడు ఎండలు తగిలితే చాలు, నెలలపాటు ఉంటుంది.

జర్మనీ తీరంలో ఆ ఎండ లేదు. అదీ తేడా. బాల్టిక్ సముద్రం మీద సూర్యుడు మొహం చూపించేదే తక్కువ. అందుకే వాళ్లు చేపను చీల్చి, పేగులు తీసి, పీపాల్లో వరస చేపలు, వరస ఉప్పు పేర్చి మూత బిగించేవారు. తీయడంలోనూ ఓ కిటుకు ఉంది. మొప్పలూ పేగులూ తీసేసి, క్లోమాన్ని మాత్రం వదిలేస్తారు. అందులోని ఎంజైములు ఉప్పునీటిలో నెమ్మదిగా పనిచేసి చేపను వెన్నలా మెత్తబరుస్తాయి. వండకుండానే 'పండి'పోతుందన్నమాట. మేం తిన్న మాట్యెస్ అలా చేసిందే. గుడ్లు పట్టకముందు, ఒంట్లో కొవ్వు బాగా ఉన్నప్పుడు, ఎండాకాలం మొదట్లో పట్టిన లేత హెర్రింగ్‌తోనే చేస్తారు. పైన మీగడ, ఆపిల్, ఉల్లిపాయ కలిపితే దాన్ని 'ఇల్లాలి పద్ధతి' అంటారు. పేరు బాగుంది కదూ!

ఒకప్పుడు ఇది అక్కడ పేదల తిండి. బొగ్గుగనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు మాంసం కొనలేక ఉడకేసిన దుంపలు, ఓ ఉప్పు హెర్రింగ్ పెట్టుకుని పూట గడిపేవారు. మన దగ్గర చోడి అంబలీ ఉప్పుచేపా ఎలాగో, వాళ్లకది అలాగ. ఆ పేదవాడి పళ్లేన్నే ఈరోజు ఓడల నమూనాల కింద, కొవ్వొత్తి వెలుగులో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి తెచ్చి మన ముందు పెడుతున్నాడు. ధర మాత్రం రూపాయల్లోకి మార్చుకుని చూడకూడదు. చిన్నాన్న మార్చాడు. కాసేపు మాట్లాడలేదు.

ఉప్పు లేని ఊరు, చేప లేని ఊరు

లూబెక్ గురించి ఒక వింత చెప్పాలి. హన్సా అనే వర్తక నగరాల కూటమికి అది రాణి. ఉప్పుచేపల వ్యాపారంతోనే అంత సంపన్నమైంది. కానీ, ఆ ఊళ్లో ఉప్పు లేదు. హెర్రింగ్ గుంపులు వచ్చేదీ అక్కడికి కాదు!

చేప సముద్రానికి అవతల, ఇప్పటి స్వీడన్ దక్షిణ కొసన ఉన్న స్కోనె తీరంలో దొరికేది. ఏటా వర్షాలు వెనకబట్టే వేళకి అక్కడో పెద్ద సంత. ఉప్పేమో లూబెక్‌కి దక్షిణంగా, లూనెబుర్గ్ అనే ఊళ్లో భూమిలోంచి ఊరేది. ఈ రెంటినీ కలిపిన దళారీ లూబెక్. అప్పట్లో యూరప్ అంతటా చర్చి ఉపవాసాలు కచ్చితంగా పాటించేవారు. ఏడాదిలో చాలా రోజులు మాంసం ముట్టకూడదు, చేప తినొచ్చు. సముద్రం మొహం ఎరగని ఊళ్లలోనూ చేప కావాలి. అంటే ఉప్పు కావాలి. అదీ కిటుకు.

లూనెబుర్గ్‌కి మర్నాడు వెళ్లాం. చిన్నాన్న పట్టుబట్టాడు మరి. 'ఉప్పు ఊరు చూడకుండా ఎలా వస్తాను?' అని. ఉప్పు దొరికిన కథ అక్కడ పిల్లలకూ తెలుసు. వేటగాడు ఓ అడవిపందిని కొట్టాడట. దాని వెంట్రుకలు ఎండలో తెల్లగా మెరుస్తుంటే చూశాడట. అది పొర్లాడిన గుంట వెతికితే ఉప్పు ఊట బయటపడిందట. కథ సంగతెలా ఉన్నా, అక్కడి ఉప్పు గురించి 956 నాటి పత్రం ఒకటి ఉంది. ఆ పని ఆగింది 1980లో. వెయ్యేళ్లకు పైగా అన్నమాట! ఇప్పుడక్కడ ఉన్నది ఉప్పు మ్యూజియం.

మ్యూజియంలో ఆయన్ని పట్టుకోవడం మా వల్ల కాలేదు. ఊటనీటిలో లీటరుకు దాదాపు 300 గ్రాముల ఉప్పు ఉండేదని తమ్ముడు చదివి చెప్పాడు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములే. ఆ తేడా విని చిన్నాన్న గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఎందుకంటే, ఆయన జీవితమంతా ఆ 35 గ్రాములతోనే గడిచింది. నౌపడలో ఆటుపోటు వేళ చూసుకుని ఉప్పునీటిని మొదటి మడిలోకి వదలాలి. అక్కడ కొన్నాళ్లు ఎండనివ్వాలి. చిక్కబడ్డాక రెండో మడి, అక్కణ్నుంచి మరోటి. మట్టి నేలను కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరిచిన ఆఖరి మడిలోకి వచ్చేసరికి నీరు నూనెలా సాగుతుంటుంది. చిక్కదనం కొలిచే బోమే డిగ్రీల్లో చెప్పాలంటే 25 దగ్గర ఉప్పు రాలడం మొదలవుతుంది. 29 దాటనిచ్చారా, మెగ్నీషియం లవణాలు కూడా దిగి చేదెక్కుతుంది. ఆ నీటిని బయటికి వదిలేయాల్సిందే. కొలిచే గాజు గొట్టం ఉంటుంది కానీ, మా చిన్నాన్న బొటనవేలూ చూపుడువేలూ తడిపి రాసి చూసి చెప్పేస్తాడు.

ఎండ ఉంటే మడి, వాన పడితే సున్నా. సంక్రాంతి వేళ మొదలుపెడితే తొలకరి దాకా పని. మధ్యలో ఓ వేసవి జల్లు పడిందంటే వారం రోజుల చాకిరీ కరిగి మళ్లీ నీళ్లయిపోతుంది. తాటాకు కప్పిన ఉప్పు గుట్టలు కూడా ప్రతిసారీ మిగలవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆయన గుట్ట సగానికి పైగా కొట్టుకుపోయింది.

లూనెబుర్గ్‌లో ఇవేం లేవు. చిక్కటి ఊటనీరు తోడి, పెద్ద పెద్ద సీసపు పెనాల్లో పోసి, కట్టెలు పెట్టి మరిగించేవారు. వాన పడ్డా పని ఆగదు. మరి కష్టం లేదా అంటే, ఉంది. కాచే గదుల్లో రాత్రీ పగలూ పొగ, వేడి. డబ్బేమో ఊట మీద హక్కున్న పెద్దలది. పెనాల దగ్గర నిలబడిన బొమ్మల్ని చూసి చిన్నాన్న 'కూలోడు ఎక్కడైనా కూలోడే' అన్నాడు. నౌపడలోనూ 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగింది. ఉప్పు చేతుల్లోదే, హక్కు మాత్రం చేతుల్లో లేదన్నదే కదా ఆ గొడవంతా!

లూనెబుర్గ్ ఉప్పు మొదట బండ్ల మీద, 1398 నుంచి ఓ కాలువలో పడవల మీద లూబెక్ చేరేది. అలా వచ్చిన ఉప్పును నిల్వచేసిన ఇటుక గిడ్డంగులు ఆరు, నది ఒడ్డున ఈ రోజుకీ వరసగా నిలబడి ఉన్నాయి. ఫొటోలు దిగేవాళ్లతో ఎప్పుడూ సందడే. వాళ్ల పాత ఉప్పు దారి వెంట ఇప్పుడు సైకిళ్లు తొక్కుతున్నారు.

మనకీ అలాంటి దారి ఒకటి ఉందండోయ్. పర్లాకిమిడి మహారాజా వేయించిన చిన్న రైలుమార్గం 1900లో నౌపడ నుంచే మొదలైంది. 1931కి గుణుపురం దాకా సాగింది. 2004లో ఆ బుల్లి రైలు ఆగింది, 2011లో బ్రాడ్‌గేజ్ వచ్చింది. చిన్నప్పుడు ఆ రైల్లో ఉప్పుచేపల గంపలతో కొండ ఊళ్ల సంతలకు వెళ్లే ఆడవాళ్లను మా చిన్నాన్న చూశాడు. ఆ పెట్టెలోకి తోటి ప్రయాణికులు ఎక్కేవారు కాదట, వాసనకి. ఆ కథ చెప్పి నవ్వుతాడు. ఈసారి లూబెక్ గిడ్డంగుల ముందు చెప్పినప్పుడు నవ్వలేదు.

మెనూలో ఇంకేం ఉన్నాయంటే...

ఉత్తర జర్మనీలో ఏ పాత భోజనశాలకు వెళ్లినా మెనూ చూసి కంగారుపడొద్దు. మన నాలుకకు దగ్గరవి చాలానే ఉన్నాయి. బ్రాట్‌హెరింగ్ అని ఒకటి ఉంది. చేపను పిండిలో దొర్లించి వేయించి, ఆ తర్వాత వెనిగర్, ఉల్లిపాయ, ఆవాలతో ఊరబెట్టి చల్లగా వడ్డిస్తారు. రాత్రి పులుసు పొద్దున్న తిన్నట్టే! పులుపు తగిలేసరికి చిన్నాన్న మొహం విచ్చుకుంది. రోల్‌మోప్స్ అంటే ఊరిన చేప ముక్కను దోసకాయ ఊరగాయ చుట్టూ చుట్టి పుల్ల గుచ్చింది. తాగినవాళ్లకు పొద్దున్నే తల దిగడానికి పెడతారని చెప్పుకుంటారు. బిస్మార్క్ హెర్రింగ్ కూడా పుల్లటిదే. జర్మనీని ఒక్కటి చేసిన ఛాన్స్‌లర్ పేరది. ఓ చేపల వ్యాపారి ఆయనకు పీపా పంపి, పేరు పెట్టుకోవడానికి అనుమతి అడిగాడట.

పచ్చిది వద్దనుకుంటే షోలె తెప్పించుకోండి. బల్లపరుపుగా ఉండే చేప, మన నాలుక చేప బాపతు. పెనం మీద నిండుగా వేయించి ఇస్తారు. పందిమాంసం ముక్కలు చల్లే అలవాటుంది కాబట్టి, తిననివాళ్లు ముందే చెప్పాలి. పాన్‌ఫిష్ అంటే వేయించిన చేప ముక్కలు, దుంపలు, ఆవపిండి సాస్. మిగిలిపోయిన చేపను పారేయలేక ఇళ్లలో పుట్టిన వంట. మన ఆవపెట్టిన కూరలు గుర్తొచ్చి నాకైతే అదే నచ్చింది.

లాబ్స్‌కౌస్ సంగతి మాత్రం హెచ్చరించాలి. ఉప్పులో నిల్వచేసిన గొడ్డుమాంసం, దుంపలు కలిపి మెత్తగా మెదిపి, బీట్‌రూట్, గుడ్డు, హెర్రింగ్‌తో ఇస్తారు. నెలల తరబడి ఓడల మీద ఉండి, పళ్లు కదిలిపోయిన నావికుల కోసం పుట్టిందంటారు. చూడ్డానికి ఎవరో ఓసారి నమిలినట్టే ఉంటుంది. మేం పక్క బల్ల మీద చూసి నమస్కారం పెట్టేశాం.

చిన్న రొయ్యలు మరో ముచ్చట. నార్త్ సీలో దొరికే చిటికెనవేలంత రొయ్యల్ని పడవ మీదే, పట్టినవి పట్టినట్టు ఉడకేసేస్తారు. ఒడ్డుకు చేరేసరికి తినడానికి సిద్ధం. ఆల్చిప్పలకో లెక్క ఉంది. ఆంగ్ల నెలల పేర్లలో 'ర్' అక్షరం ఉన్నప్పుడే, అంటే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే తినాలన్నది పాతకాలపు నియమం. ఎండాకాలంలో పాడైపోతాయన్న భయం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, చేపలు పెరగడానికి. కారణాలు వేరైనా సముద్రానికీ సెలవులుండాలని అందరికీ తెలుసన్నమాట.

కూర్చుని తినే ఓపికా డబ్బూ లేకపోతే రొట్టె మధ్యలో చేప పెట్టిచ్చే ఫిష్‌బ్రోట్‌షెన్ ఉంటుంది. రేవుల దగ్గర బండి మీద కొనుక్కుని నడుస్తూ తినడమే. హాంబర్గ్‌లో 1703 నుంచి ఆదివారం తెల్లవారుజామున చేపల సంత జరుగుతోంది. వ్యాపారుల అరుపులు వింటే శ్రీకాకుళంలో ఉన్నట్టే ఉంటుంది.

ఎదురుగా ఉన్న పడవ

భోజనం అయ్యాక ఎదురుగా ఉన్న సెయింట్ యాకోబి చర్చిలోకి వెళ్లాం. అది నావికుల చర్చి. ఒక మూల విరిగి, చీలిపోయిన చెక్కపడవ ఉంది. పామీర్ అనే తెరచాప ఓడకు చెందిన ప్రాణరక్షక పడవ. 1957 సెప్టెంబరులో అట్లాంటిక్ తుపానులో ఆ ఓడ మునిగింది. ఉన్నది 86 మంది. శిక్షణలో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లే ఎక్కువ. బతికింది ఆరుగురు.

తమ్ముడు చదివి చెబుతుంటే చిన్నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 'మనోళ్లు పాకిస్తానోళ్లకి దొరికినప్పుడు కూడా ఇలాగే అనుకున్నాం, మరి రారని' అన్నాడు కాసేపటికి. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పట్టుబడ్డ మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల సంగతి. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇళ్లకు చేరారు. సొంత తీరంలో గిట్టుబాటు లేక అరేబియా సముద్రం దాకా కూలికి వెళ్లినవాళ్లు వాళ్లు. నాకెందుకో అప్పుడనిపించింది... ఆ భోజనశాలనూ ఈ పడవనూ విడివిడిగా చూడకూడదు. ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టే ఆ బల్లకు అంత మర్యాద.

అలాగని అక్కడంతా బాగుందనుకోవద్దు. బాల్టిక్ పడమటి భాగంలో హెర్రింగ్ బాగా తగ్గిపోయింది. సముద్రం వేడెక్కి గుడ్లు పొదిగే కాలం మారిపోవడం ఒక కారణం, ఎక్కువగా పట్టేయడం ఇంకో కారణం. 2022 నుంచి యూరోపియన్ యూనియన్ అక్కడ హెర్రింగ్ కోసమే వేటాడటాన్ని ఆపేసింది, ఒడ్డు దగ్గరి చిన్న పడవలకు మాత్రం కాస్త వెసులుబాటు ఇచ్చింది. పళ్లేల్లోకి వచ్చే చేపలో ఎక్కువ భాగం నార్త్ సీ నుంచీ, నార్వే వైపు నుంచీ వచ్చిందే. బల్ల పాతదే, చేప పరాయిది.

మనకు తలకిందులు. నౌపడలో మళ్లున్నాయి, పక్కనే భావనపాడులో చేపలున్నాయి. ఒకే తీరంలో ఉప్పూ చేపా రెండూ ఉన్న చోట్లు ఎన్నుంటాయి? లేనిదల్లా బల్లే. జాతీయ రహదారి మీద టెక్కలి నుంచి శ్రీకాకుళం దాకా ఏ హోటల్లోనైనా ఆగి చూడండి. చికెన్ బిర్యానీ ఉంటుంది, గోబీ మంచూరియా ఉంటుంది. ఉప్పుచేప పప్పుచారు, ఎండు నెత్తళ్ల వంకాయ కూర అడిగితే మనిషిని ఎగాదిగా చూస్తారు. అవి ఇంట్లో, అదీ కిటికీలు మూసుకుని తినేవి! చుట్టాలొస్తే వండం. బడికి పిల్లల డబ్బాలో పెట్టం. నేను మాత్రం తక్కువ తిన్నానా? హైదరాబాద్‌లో నా ఇంట్లో ఎండుచేప వేగి ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

అసలు మాట

తమ్ముడు వాళ్ల నాన్నని జర్మనీ రప్పించింది చేపలు తినిపించడానికి మాత్రమే కాదు. మళ్లు వదిలేయమని చెప్పడానికి. అక్టోబరులో వానలకి ఎలాగూ పనుండదు, ఆ సమయం చూసి టికెట్ తీశాడు. కాళ్లు పుండ్లు పడుతున్నాయి, కూలీలు దొరకడం లేదు, ఉప్పు ధర ఎప్పుడూ చౌకే. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయ్యాక ఊరి కుర్రాళ్ల చూపంతా అటే. ఇంకెవరి కోసం? ఇవన్నీ నాకు ఫోన్లో చెప్పి, 'నువ్వు కూడా ఓ మాట చెప్పు' అని కూడా అన్నాడు.

చెప్పాలనే వెళ్లాను. లూనెబుర్గ్ మ్యూజియంలో అమ్మే చిన్న గుడ్డ సంచి ఉప్పు కొన్నాడాయన. రెండు పలుకులు నాలుక మీద వేసుకున్నాడు. 'తెలుపు బాగుంది' అని ఒప్పుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు... 'ఈళ్లు ఆపీసి నలభై ఏళ్లు దాటిందన్నావు కదా. ఆపీసినాక మ్యూజియం కట్టినారు. మనం ఆపీస్తే ఏటి కడతారు?'

తమ్ముడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఆ రాత్రి హాంబర్గ్‌లో తమ్ముడి ఫ్లాట్‌లో పిన్ని పంపిన పొట్లం విప్పాం. మోకాళ్ల నొప్పులని ఆవిడ రాలేదు కానీ, ఐదు కవర్లలో చుట్టి ఎండు నెత్తళ్లు పంపింది. నెయ్యి సీసా పెట్టబోతే తమ్ముడే వద్దన్నాడట. పాలు, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తేనివ్వరు. చేపలకు మాత్రం సొంత వాడకానికైతే మనిషికి 20 కిలోల దాకా మినహాయింపు ఉంది. చలికి ఒణుకుతూనే తమ్ముడు అలవాటుగా కిటికీలు తెరవబోయాడు. పొగ బయటికి పోవాలి, కింది అంతస్తువాళ్లు వాసనకి ఓసారి గొడవ చేశారట.

'మూసీ' అన్నాడు చిన్నాన్న. 'మనూరెళ్తే వాళ్లు మన ఉప్పుచేప పేరడగరా? ఇక్కడ వాళ్ల ఉప్పుచేపని నాకు పాతిక మాట్లు పేరు చెప్పించినారు. అడిగితే చెప్పు, ఇవి నెత్తళ్లని.'

ఎవరూ వచ్చి అడగలేదు. మేం ముగ్గురం వేడన్నంలో చారు పోసుకుని, వేగిన నెత్తళ్లు నంజుకుని పొయ్యి దగ్గరే తినేశాం.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఫోన్ చేశాను. పిన్ని తీసింది. ఆయన లేడు, తెల్లారకుండానే మడికి వెళ్లాడట. పోటు బాగుందని ఆ రోజే మొదటి మడికి నీళ్లు పెడుతున్నారట. తమ్ముడు ఏమన్నాడని అడిగాను.

'ఏటంటాడు, ఎండలు ముదిరినాక కొత్త ఉప్పు రెండు కిలోలు పంపమన్నాడు' అంది పిన్ని.